టీసీ అడిగితే కూర్చోమనే మనిషి

"మన ఆఫీసు మేడం పోయిందట మేడం. నిన్న సిరిసిల్లల. దహనం గూడ అయిపోయిందట."

ఫోన్‌లో ఈ మాట చెప్పింది రాజయ్య. కోరుట్లలో నేను పనిచేసిన పాత కాలేజీలో అటెండరు. ఫోను వచ్చేసరికి నేను జగిత్యాలలో, ఇప్పటి కాలేజీలో, కొత్తగా చేరుతున్న పిల్లల సర్టిఫికెట్లు సరిచూస్తున్నాను. ఎదురుగా ఒక అమ్మాయి ప్లాస్టిక్ కవరులో మెమోలు పట్టుకుని నిలబడి ఉంది. రాజయ్య ఇంకేదో చెబుతున్నాడు. నేను ఫోను చెవి దగ్గర ఉంచుకునే ఆ అమ్మాయిని "కూసో బిడ్డా" అన్నాను. ఇంట్లో తప్ప బయట అట్లా మాట్లాడే అలవాటు నాకు లేదు. ఆ రెండు మాటలూ నావి కావు, ఆఫీసు మేడంవి.

నేను కోరుట్లలో అర్థశాస్త్రం చెప్పిన ఏళ్లన్నీ ఆఫీసు గదిలో ఆమె ఉంది. ఉద్యోగం పేరు సీనియర్ అసిస్టెంట్. పిల్లలకు ఆఫీసు మేడం. నాకు అక్క. ఆమె మాత్రం చివరిదాకా నన్ను మేడం అనే పిలిచింది. "నువ్వు అక్కా అను, ఏం కాదు. నేను మేడం అంటెనే పిల్లలు నీకు భయపడుతరు" అనేది.

పొట్టి మనిషి, పెద్ద గొంతు. కళ్లద్దాలకు రెండు పక్కలా నూలుపోగు కట్టి మెడలో వేసుకునేది. ఆ పోగు ఆమె సొంతూరు సిరిసిల్లలో మగ్గాల దగ్గర మిగిలిందే. స్టేప్లర్‌ను వేళ్లతో నొక్కడం ఆమెకు చేతకాదు, పిడికిలితో ఒక్కటి వేసేది. ఆ చప్పుడు పక్క క్లాసులో పాఠం చెబుతున్న నాకు వినిపించేది. టేబుల్ సొరుగులో ఎప్పుడూ మక్క ప్యాలాలు ఉండేవి. ఎవరొచ్చినా ఒక గుప్పెడు తీసి ముందర పోసేది, కాగితం కూడా వేయకుండా. చాయ్ గ్లాసు మాత్రం రిజిస్టర్ల దరిదాపుల్లో కనిపించకూడదు. ఒకసారి ప్రిన్సిపాల్ సారే గ్లాసు పెట్టబోతే చెయ్యి అడ్డంపెట్టి ఆపింది.

ఆమెకున్న ఇంకో అలవాటు, ఏ పేరైనా రాసే ముందు పైకి చదవడం. ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, ఊరు. ఎదురుగా నిలబడ్డ పిల్లవాడు "అవును మేడం" అనేదాకా కలం కాగితానికి ఆనేది కాదు. అడ్మిషన్లప్పుడు బయట వరస వరండా దాటిపోయేది. అయినా ఆమె తొందరపడేది కాదు. "ఒక్క అక్షరం తప్పు పడ్డదనుకో, రేపు ఉద్యోగం కాడ, పాస్‌పోర్టు కాడ, పెన్షన్ కాడ తిరుగుడే తిరుగుడు. ఇప్పుడు నిలవడితె ఏమైతది" అని వరసలో గొణిగేవాళ్లకు వినపడేట్టు చెప్పేది.

పేరు రాసుకున్నాక మార్కులు అడిగేది కాదు. "ఏ బస్సుకు అస్తవ్?" అని అడిగేది.

ఆ ప్రశ్న వెనక ఆమె సొంత పద్ధతి ఒకటి ఉంది. కాలేజీలో చేరిన ప్రతి పిల్లకూ ఒక కవరు ఉంటుంది. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, పాత కాలేజీ ఇచ్చిన టీసీ, కులం సర్టిఫికెట్, ఫోటోలు అందులో పెడతారు. ఆ కవర్లను అడ్మిషన్ నంబరు వరసలో పేర్చాలన్నది నియమం. ఆమె బస్సుల వరసలో పేర్చేది. కథలాపూర్ బస్సు పిల్లలది ఒక కట్ట, ఇబ్రహీంపట్నం వైపు నుంచి వచ్చేవాళ్లది ఒక కట్ట, జగిత్యాల రూటుది ఒకటి. సిరిసిల్ల నుంచి తెచ్చిన అంచుగుడ్డ పేలికలతో ఒక్కో కట్టను ఒక్కో రంగుతో కట్టేది. కథలాపూర్‌ది ఆకుపచ్చ, ఇబ్రహీంపట్నానిది పసుపు.

పొద్దున మొదటి గంట కాగానే హాజరు పట్టీలు ఆఫీసుకు వచ్చేవి. ఆమె అద్దాలు పెట్టుకుని, వేలితో పేర్ల మీదుగా కిందికి జారుతూ పోయేది. ఒక బస్సు పిల్లలందరూ రాకపోతే డిపోకు ఫోన్ చేసి "బస్సు ఏమైంది?" అని అడిగేది. బస్సు వచ్చి అందులో ఒక్కరే రాకపోతే, ఆ బస్సులో వచ్చిన ఇంకో పిల్లను పిలిపించి "గాడు ఎందుకు రాలే?" అని అడిగేది. మా క్లాసుల్లో ఆబ్సెంట్ అన్నది ఒక గీత. మేం గీసి ఊరుకునేవాళ్లం. ఆమె ఆ గీత దగ్గర ఆగేది.

ఆమె పద్ధతి వల్ల తిప్పలు కూడా తక్కువేం కాదు. ఒకసారి ఆమెకు జ్వరం వచ్చి వారం రోజులు రాలేదు. ఆ వారంలోనే ఒక పిల్లవాడి కులం సర్టిఫికెట్ స్కాలర్‌షిప్ ఆఫీసుకు వెంటనే పంపాల్సి వచ్చింది. రాజయ్య బీరువా తెరిచి, నంబరు వెతకడం దండగని తెలిసినవాడు కాబట్టి, పిల్లవాడినే అడిగాడు, "ఏ బస్సు?" అని. పిల్లవాడు సైకిల్ మీద వస్తాడట. రాజయ్య బీరువా తలుపు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. సాయంత్రందాకా వెతికారు. చివరికి ప్రిన్సిపాల్ సార్ ఆమెకే ఫోన్ చేస్తే, మూలుగుతూ, "కింది అరల సైకిల్ కట్ట ఉంటది సార్. నల్ల పేలిక" అన్నది. ఆయన చాలాసేపు మాకెవరికీ ముఖం చూపించలేదు. నవ్వాడో కోప్పడ్డాడో ఇప్పటికీ తెలియదు.

అప్పటి రోజులు ఎట్లాంటివో కొంచెం చెప్పాలి. బోర్లు వరసగా ఎండిపోతున్నాయి. పసుపు తవ్వి ఉడకబెట్టి ఆరబోసి అమ్మితే, కూలీ కూడా మిగలని ధర. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఒక వారం నడిస్తే రెండు వారాలు ఆగేవి. ఇళ్లలో మగవాళ్లు బొంబాయి దగ్గరి భీవండి మగ్గాలకో, దుబాయికో, మస్కట్‌కో వెళ్లడం అంతకుముందూ ఉంది. కానీ ఆ ఏళ్లలో మా క్లాసుల్లోంచి, నడుమ సంవత్సరంలో, పిల్లలు లేచి వెళ్లిపోవడం మొదలైంది. పదో తరగతి పాసైనట్టు ఒరిజినల్ మెమో చూపిస్తే పాస్‌పోర్టు పని సులువవుతుంది. ఏజెంట్లు ముందు ఆ మెమో తెమ్మనేవారు. ఆ మెమో ఆమె బీరువాలో ఉండేది. అందుకని ఆ పిల్లలు కాలేజీ వదిలేముందు చివరగా చూసే ముఖం ఆమెదే అయ్యేది.

"మేడం, టీసీ కావాలె. మెమో గూడ."

"కూసో."

"తొందరున్నది మేడం."

"తొందరుంటె నిలవడి ఏం జేస్తవ్. కూసో బిడ్డా."

ప్యాలాలు పోసేది. అవ్వ ఎట్లున్నదని, చెల్లె ఏం చదువుతుందని, బోరు ఎంత లోతు వేశారని అడిగేది. ఆఖరుకు, పిల్లవాడు మళ్లీ మెమో మాట ఎత్తగానే, "ముద్ర లేదు. ప్రిన్సిపాల్ సార్ కాడున్నది. ఎల్లుండి రా" అనేది. ముద్ర ఆమె సొరుగులోనే, ప్యాలాల సంచి వెనక ఉండేది. ఎల్లుండి వస్తే సారు మీటింగుకు పోయాడనేది. ఈ తిప్పలో విసిగి కొందరు నాలుగు రోజులు క్లాసులో కూర్చునేవాళ్లు. అట్లా కూర్చున్న వాళ్లలో కొందరు పరీక్షలదాకా ఉండిపోయేవాళ్లు. అందరూ ఉండేవారని చెబితే అబద్ధం. ఎక్కువమంది వెళ్లిపోయారు. అయినా ఆమె ఆపిన కొద్దిమంది ముఖాలు చూసి, మేమంతా అది మంచి ఉపాయమే అనుకునేవాళ్లం. ఆమె కూడా అట్లాగే అనుకుంది, గంగాధర్ సంగతి జరిగేదాకా.

గంగాధర్ కథలాపూర్ మండలంలోని ఒక ఊరి పిల్లవాడు. బీకాం రెండో ఏడు. నెమ్మదస్తుడు, లెక్కలు శుభ్రంగా వేసేవాడు. అతని తండ్రి దుబాయిలో కట్టడం పని చేస్తూ పరంజా మీద నుంచి పడ్డాడు. నడుము పోయి ఇంటికి వచ్చేశాడు. గంగాధర్‌కు మస్కట్‌లో ఒక కంపెనీ పని కుదిరిందని ఏజెంటు చెప్పాడు. మెమో కోసం వచ్చాడు. ఆమె కూర్చోబెట్టింది, ముద్ర లేదన్నది. మళ్లీ వచ్చాడు, సారు లేడన్నది. మూడోసారి అతను వచ్చిన రోజు ఆమే సెలవు పెట్టింది. ఆ పిల్లవాడు ఎదురు మాట్లాడే రకం కాదు. "సరే మేడం" అని వెళ్లిపోయేవాడు. చివరికి ఆ వీసా మీద ఇంకొకరు వెళ్లారు.

తరవాత కొద్దిరోజులకు అతని తల్లి కాలేజీకి వచ్చింది. నేను హాజరు పట్టీ ఇవ్వడానికి వెళ్లి ఆఫీసులోనే ఉన్నాను. ఆ తల్లి గడప దాటి లోపలికి రాలేదు.

"నువ్వేనా ఆఫీసు మేడం?"

"నేనే అవ్వా. లోపలికి రా, కూసో."

"కూసునేటందుకు రాలే. నా కొడుకు కాయిదం నీ బీరువల పెట్టుకున్నవట. ఎందుకు పెట్టుకున్నవ్?"

"సదువుతడని పెట్టుకున్న అవ్వా. ఇంకొక్క ఏడాది అయితె డిగ్రీ చేతికస్తది."

"ఏడాది." ఆ తల్లి ఆ మాటను నోట్లో తిప్పి చూసినట్టు అన్నది. "మా ఇంట్ల ఏడాది ఎట్ల ఎల్లుతదో నీకెరుకనా? ఏనాడన్న అచ్చి చూసినవా? పిలగాడు ఏ బస్సుకు అస్తడో నీకు ఎరుకనట. దిగినంక ఎటు పోతడో ఎరుకనా?"

ఆ తల్లి గొంతు పెంచలేదు. తిట్టలేదు. తిడితే మా అక్క జవాబు చెప్పేదేమో. అక్క అద్దాలు తీసి మెడలో వదిలేసింది. కాసేపటికి లేచి బీరువా తెరిచి, ఆకుపచ్చ పేలిక కట్ట విప్పి, గంగాధర్ మెమో తీసి సంచిలో పెట్టుకుంది.

"నడువు అవ్వా. నీతోటి నేను అస్త."

నా వైపు చూసి, "మేడం, నీకు ఇంక క్లాసు లేదు గద. నువ్వు గూడ రా. ఒక్కదాన్నే పోవుడు నాతోని కాదు" అన్నది. ఆమె నోట అట్లాంటి మాట నేను వినడం అదే మొదలు.

కథలాపూర్ బస్సులో ముగ్గురం పక్కపక్కన కూర్చున్నాం. బస్సు దిగాక చాలా దూరం నడవాలి. రెండు గదుల ఇల్లు. వాకిట్లో తవ్విన పసుపు కుప్పగా పోసి ఉంది. ఉడకబెట్టే మనుషులు లేక అట్లాగే ఉంది, పక్కల్లో మొలకలు కూడా వస్తున్నాయి. తండ్రి మంచం మీద పక్కకు ఒరిగి పడుకున్నాడు. లేవబోతే అక్క వద్దని చెయ్యి ఊపింది.

"మేడం, గాడు సదువుకుంటె నాకు ఇష్టమే" అన్నాడాయన, పడుకునే. "పరదేశం పోతడంటె నా పానం ఒప్పుతలేదు. పోయి పడ్డోన్ని గద. కని ఇంట్ల నేను లేస్తలేను. నా ఇష్టంతోని పొయ్యి మండదు."

అంతలో గంగాధర్ వచ్చాడు. ఒంటినిండా మట్టి. మమ్మల్ని చూసి చేతులు తుడుచుకోవడానికి గుడ్డ వెతుక్కున్నాడు. తల్లి కంటే, తండ్రి కంటే, ఆ పిల్లవాడే మా రాకకు సిగ్గుపడ్డాడు. అక్క సంచిలోంచి మెమో తీసి అతనికి ఇచ్చింది.

"తప్పయింది కొడుకా. మంచి జేస్తున్ననుకున్న. నిన్ను అడగలే."

గంగాధర్ మెమో తీసుకుని, "చాయ్ తాగున్రి మేడం" అన్నాడు. తాగాం. తాగుతున్నంతసేపూ ఆమె గ్లాసులోకే చూసింది.

తిరిగి వచ్చే బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉన్నప్పుడు ఆమె తన అన్న సంగతి చెప్పింది. అన్ని ఏళ్లలో ఒక్కసారే చెప్పింది, అదీ రోడ్డు వైపు చూస్తూ.

"మా అన్న నాకన్న మంచిగ సదివేటోడు మేడం. మా బాపు సాంచాలు బంద్ పడంగనే వాన్ని కాలేజీ మాన్పిచ్చి భీవండి తోలిచ్చిండు. పొయ్యేముందు మా అన్న కొన్నొద్దులు వాకిట్లనే కూసున్నడు. ఎవ్వలన్న ఒక్కలు కాలేజీ నుంచి అచ్చి, పిలగాడు ఎందుకస్తలేడని అడుగుతరేమో, బాపు మనసు మారుతదేమోనని చూసిండు. ఎవ్వలు రాలే. సాలు కాంగనే రిజిస్టర్ల పేరు ఎర్రసిరాతోని కొట్టేసిన్రట. నేను ఈ నౌకరిల చేరిన నాడే అనుకున్న, ఎవ్వన్నీ ఊకెనే పోనియ్యద్దని. పోనియ్యకుంట పట్టుకునుడే సాయం అనుకున్న."

బస్సు రావడంతో ఆ మాట అక్కడ ఆగింది. మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ తరవాత ఆమె నోట ముద్ర లేదన్న మాట రాలేదు. ముద్ర సొరుగులోంచి టేబుల్ మీదికి వచ్చింది. టీసీ అడిగితే మునుపటిలాగే కూర్చోమనేది, ప్యాలాలు పోసేది, ఇంటి సంగతులన్నీ అడిగేది. కానీ అడిగిన కాగితం అదే రోజు ఇచ్చేది. టీసీ తీసుకోకుండా వెళ్లడానికి వీలుంటే ఆ దారి చెప్పేది. మెమో తీసుకుని జిరాక్సు ఇక్కడ ఉంచి, పేరు కాలేజీలోనే ఉంచుకుని, మిగిలిన పేపర్లు సెలవు మీద వచ్చినప్పుడు రాయొచ్చని, ఎన్నేళ్లలోగా రాయాలో, మళ్లీ చేరాలంటే ఏ దరఖాస్తు పెట్టాలో విడమరిచి చెప్పేది. యూనివర్సిటీ నిబంధనల పుస్తకం మా అందరి బల్లల్లోనూ ఉండేది. ఆమె అందులోంచి ఆ ఒక్క పేజీ తెలుగులో రాయించి ఆఫీసు గోడకు అంటించింది. ఆదివారాలు, సిరిసిల్ల వెళ్లని వారాల్లో, బస్సెక్కి ఏదో ఒక ఊరికి పోయి వచ్చేది. సోమవారం పొద్దున చెప్పులకు అంటిన మట్టి చూసి ఏ వైపు వెళ్లిందో రాజయ్య ఊహించి చెప్పేవాడు, ఎప్పుడూ తప్పే.

గంగాధర్‌కు ఇంకో వీసా వచ్చింది. మస్కట్‌కే వెళ్లాడు. నీళ్ల ట్యాంకరు నడిపే పని. మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు కాలేజీకి వచ్చాడు, ఖర్జూరాల డబ్బా పట్టుకుని. ఆమె డబ్బా తీసుకుని పక్కన పెట్టి, "పరీక్షల ఫీజు తారీఖు ఇంకా దాటలే" అన్నది. అతను నవ్వాడు. సెలవును పరీక్షల నెలకు జరుపుకుని వచ్చి ఒకటో రెండో పేపర్లు రాసి వెళ్లేవాడు. నేను ఇన్విజిలేషన్ చేస్తున్న గదిలో ఒకసారి కూర్చున్నాడు. గదంతా అత్తరు వాసన, వేళ్ల నిండా గ్రీజు మరకలు. కొన్నిసార్లు తప్పాడు కూడా. చాలా ఏళ్లు పట్టింది. డిగ్రీ వచ్చాక కూడా ట్యాంకరే నడిపాడు. అతని బతుకులో ఆ కాగితం వల్ల పెద్దగా మారిందేమీ లేదు. కానీ పెళ్లి పత్రిక అచ్చు వేయించి మొదటి పత్రిక ఆమెకే తెచ్చి ఇచ్చాడు. ఆమె అద్దాలు పెట్టుకుని, తన అలవాటు ప్రకారం పైకి చదివింది. ఇంటిపేరు, గంగాధర్, పక్కన బి.కాం. అక్కడ ఆగి, ఆ రెండక్షరాలు మళ్లీ చదివింది.

"అవును మేడం" అన్నాడు గంగాధర్.

అడ్మిషన్లు ఆన్‌లైన్‌కు మారాక ఆమె కట్టలకు పని లేకుండా పోయింది. ఆధార్ నంబరు కొడితే పిల్ల వివరాలు కంప్యూటరే చూపిస్తుంది. పాతవాళ్లు కొందరు తిట్టుకున్నారు. ఆమె తిట్టుకోలేదు. సాయంత్రాలు ఆగి కంప్యూటర్ ఆపరేటర్ అమ్మాయి పక్కన కుర్చీ వేసుకుని నేర్చుకుంది. "పేరు పైకి చదువుమని దీనికి చెప్పరాదు, గంతే లోటు" అనేది.

అసలు చిక్కు వేరే వచ్చింది. చేరే పిల్లలు తగ్గిపోయారు. ఒక గ్రూపులో సరిపడా పిల్లలు లేకపోతే ఆ గ్రూపు ఎత్తేస్తారు. అందుకని వేసవిలో మేం లెక్చరర్లం ఊళ్లు తిరిగి, ఇంటర్ పాసైన పిల్లల ఇళ్లకు వెళ్లి మా కాలేజీలో చేరమని అడగడం మొదలుపెట్టాం. ఆఫీసు మనుషులు రానక్కర్లేదు. ఆమె వచ్చేది. రిటైరయ్యే ఏడు కూడా మాతో వచ్చింది. ఆ ఏడు దరఖాస్తులకు ఆఖరు రోజున మేమిద్దరం ఇబ్రహీంపట్నం వైపు ఒక ఊళ్లో ఉన్నాం.

ఆ ఇంటి అరుగు మీద ఒక తల్లి చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని బీడీలు చేస్తోంది. కూతురు లావణ్య పక్కనే కూర్చుని ఆకు కత్తిరిస్తోంది. ఇంటర్ మంచి మార్కులతో పాసైంది. డిగ్రీలో చేరడం తల్లికీ ఇష్టమే. మరి దరఖాస్తు ఎందుకు పెట్టలేదంటే, లావణ్య తల దించుకుని చెప్పింది.

"ఓటీపీ అస్తలేదు మేడం. నా ఆధార్‌కు మా బాపు నంబర్ ఉన్నది. గా ఫోన్ దుబాయిల ఉన్నది."

"మరి బాపుకు ఫోన్ చెయ్యి."

తల్లి చేతిలో బీడీ చుట్టడం ఆగలేదు. "చేస్తె ఎత్తుతలేడు మేడం. చాన నెలలాయె. ఆయన కంపెనీ బంద్ పడ్డదట. జీతాలియ్యకుంటె బయటవడ్డడట. గిప్పుడు కల్లివెల్లి ఉన్నడని మంది అంటున్నరు."

కల్లివెల్లి అంటే కాగితాలు లేకుండా అక్కడే దొంగచాటుగా పని చేసుకునేవాడని ఆ ఊళ్లలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. పంపడానికి పైసలు లేనివాడు ఇంటికి ఫోన్ చేయడానికి మొహం చెల్లక మానేశాడు. ఆ నంబరు మార్చాలంటే ఆధార్ సెంటర్‌కు వెళ్లాలి, రోజులు పడుతుంది. గడువు ఆ సాయంత్రంతో సరి.

అక్క అరుగు మీద కూర్చుంది. "ఆయనతోని ఒకే రూంల ఉండేటోళ్లు మన ఊరోళ్లు ఎవ్వలన్న ఉన్నరా?"

నర్సయ్య అని ఒకతను ఉన్నాడన్నారు. ఆ రోజు శుక్రవారం, అక్కడ సెలవు. తల్లి ఫోన్‌లోంచి నెట్ కాల్ చేస్తే నర్సయ్య ఎత్తాడు. అక్క ఫోన్ తీసుకుంది.

"తమ్మీ, నేను కోరుట్ల కాలేజీ నుంచి మాట్లాడుతున్న. లావణ్య వాళ్ల బాపు నీ కాడనే ఉంటడా?"

"ఉంటడు మేడం. కని మాట్లాడడు. ఇంటి ఫోన్ అంటె దుప్పటి కప్పుకుంటడు."

"పైసలు అడుగుతలేమని చెప్పు. రమ్మని గూడ అంటలేం. బిడ్డ సదువుకు ఆయన ఫోన్‌కు ఆరు అంకెలు అస్తయి. గవి చెప్తె చాలని చెప్పు."

అవతల ఏవో మాటలు వినిపించాయి, అర్థం కాలేదు. మంచం కిర్రుమన్న చప్పుడు వచ్చింది. అక్క ఫోన్‌ను లావణ్య చేతికిచ్చి, స్పీకర్ ఆన్ చేయమంది.

"హలో" అన్నది ఒక మగ గొంతు.

చాటలో తల్లి చేతులు ఆగిపోయాయి.

"బాపూ" అన్నది లావణ్య.

"ఆఁ బిడ్డా. అంకెలు... గవేనా? చెప్పాల్నా?"

"చెప్పు బాపూ."

ఆయన ఒక్కో అంకె విడివిడిగా, మోటతో నీళ్లు తోడినట్టు నిదానంగా చెప్పాడు. అక్క నా ఫోన్‌లో కొట్టింది. తప్పు అని ఎర్రటి అక్షరాలు వచ్చాయి.

"ఏమో తప్పు అంటున్నది. మళ్లొకటి పంపుతున్న. ఫోన్ పెట్టకున్రి" అన్నది అక్క.

రెండో నంబరు రావడానికి కొంత సమయం పట్టింది. ఆ ఖాళీలో ఏదో ఒకటి మాట్లాడక తప్పలేదు.

"వాన పడ్డదా బిడ్డా?"

"పడ్డది బాపూ. నారు పోసినం."

"మీ అవ్వ?"

"ఈడనే ఉన్నది."

మళ్లీ ఆరు అంకెలు చెప్పాడు. మళ్లీ తప్పు. అక్క నుదురు చిట్లించి, ఇంకోటి పంపమని నొక్కింది. ఈసారి లావణ్య ఏమీ అనకుండా ఫోన్ తల్లి ముందర పెట్టింది. తల్లి చేతులకు అంటిన తంబాకు పొడి కొంగుకు తుడుచుకుంది.

"తిన్నవా?" అని అడిగింది చివరికి.

"తిన్న."

"ఏం తిన్నవ్?"

ఆయన వెంటనే చెప్పలేకపోయాడు. అబద్ధం వెతుక్కున్నాడేమో. "పప్పు" అన్నాడు. ఆ ఒక్క మాటకు తల్లి ఏడ్వడం మొదలుపెట్టింది, చప్పుడు లేకుండా. అవతల ఆయన "వింటున్నవా... వింటున్నవా" అంటున్నాడు. "వింటున్న. నువ్వు చెప్పు, చెప్పుకుంట ఉండు" అన్నది ఆమె.

మూడోసారి అంకెలు సరిపోయాయి. దరఖాస్తు తెరుచుకుంది. అక్క పేరు పైకి చదివింది, లావణ్య అవునన్నది. మేం వివరాలు నింపి పంపేదాకా, మా వెనక ఆ తల్లీ తండ్రీ మాట్లాడుకుంటూనే ఉన్నారు.

లావణ్య మా కాలేజీలో చేరింది, చదువు పూర్తి చేసింది. తండ్రి ఆ రోజు నుంచి ప్రతి శుక్రవారం ఫోన్ చేసేవాడట. కాగితాలు లేనివాళ్లను శిక్ష లేకుండా పంపిస్తామని అక్కడి సర్కారు ప్రకటించినప్పుడు బయటపడి ఇంటికొచ్చాడు. ఇప్పుడు ఊళ్లోనే ట్రాక్టరు నడుపుతున్నాడు. ఇవన్నీ నాకు లావణ్య చెప్పిన సంగతులు, అక్క రిటైరయ్యి సిరిసిల్ల వెళ్లిపోయాక.

ఆ రోజు తిరుగు బస్సులో మేమిద్దరం వెనక సీట్లో కూర్చున్నాం. అరుగు మీద నేను ఆమె పక్కనే ఉన్నాను. ఆయన చెప్పిన అంకెలు విన్నాను, ఆమె కొట్టిన అంకెలు చూశాను.

"అక్కా, ఆయన మొదటిసారే సరిగ్గ చెప్పిండు గద."

"సరిగ్గనే చెప్పిండు."

"మరి?"

జీవితమంతా ఒక్క అక్షరం తప్పు రాయని చేతులు ఒడిలో పెట్టుకుని, ఆమె కిటికీకి తల ఆనించింది.

"వేలు జారింది మేడం" అని, మెట్‌పల్లి వచ్చేదాకా కళ్లు మూసుకుని పడుకుంది.